గాలిమోటరెక్కిన కాలేసాబు

ఏమబ్బీ, తలకాయ అట్ల మిందికెత్తి చూస్తాండావు? మెడ పట్టేస్తాది. హెలికాప్టరేలే, ఓట్ల టయం కదా, దినామూ ఒగటి పోతాంటాది ఈ కొండ మిందినుంచి. ఇప్పుడెవురూ పట్టించుకునేది లేదు, నీ మాదిరి వయసు పిల్లోళ్లు తప్ప. ఫోన్లో ఫోటో తీసినావా? రాలేదా? పోనీలే. అది గాదు, మా తట్టు ఊర్లల్లో మొట్టమొదట హెలికాప్టరెక్కినోడు ఎవురో తెల్సునా నీకు? ఎమ్మెల్యే గాదు, రెడ్డి గాదు, కలెక్టరాఫీసోళ్లు గాదు. కాలేసాబు. విన్లేదా? నువ్వు యాడ వినింటావు, నువ్వు పుట్టకముందే పోయె ఆయప్ప. కూర్చో, చెప్తా. ఆ రాయి మింద గాదు, కాలుతాంటాది, ఈతట్టు నీడకు రా.

సోమందేపల్లికి ఈతల, పెనుకొండకు ఆతల, నడమ మా పల్లె. ఇప్పుడంటే నేను ఈడ పెనుకొండలో ఉండాను గానీ అప్పుడంతా ఆడనే. కాలేసాబుది మా వీధి ఎనక వీధి. మనిషి పొడుగు. మీసాలకు ఆముదం పూసి మెలేసేటోడు. కాళ్లకు మిలిటరీ బూట్లు, బెంగుళూరు సంతలో పాతవి కొనుక్కొచ్చినవి, ఒగటి కాలికి పెద్దది, దాంట్లో గుడ్డపేలికలు కుక్కేవాడు. అవేసుకోని వీధిలో నడుస్తాంటే మా అవ్వ, ‘లేయండ్రా, కలెక్టరొస్తాండాడు’ అని నగేది. సోకు శానా. అయితే ఒట్టి సోకులోడు అనుకునేవు, తుపాకి పట్టినాడంటే మటుకు ఇంగ మాట్లాడేదే లేదు. చేన్లు కాపాడుకునేదానికి అని ఒగ తుపాకి లైసెన్సు ఉండె ఆయప్పకు. అప్పట్లో జింకలు శానా అబ్బీ. నల్లవి, మెలి తిరిగిన కొమ్ములవి మగవి, ఆడవి ఎర్రమట్టి రంగు. బీళ్లల్లో మందలు మందలు నిలబడుకోనుండేవి, గొర్రెలు నిలబడినట్ల. శెనక్కాయ చెట్టు మొలిచిందంటే చాలు వచ్చి పడేవి. అప్పుడు రైతులు ఉరుక్కుంటా కాలేసాబు ఇంటికి పోయేవాళ్లు.

ఆయప్ప వేట ఎట్లంటావు? మచ్చలెద్దు ఒగటుండె. దాన్ని తోలుకోని బీట్లోకి పోయేవాడు. ఎద్దు రోంత మేసి ఒగడుగేస్తాది, మళ్ల రోంత మేస్తాది, దాని చాటున వంగి ఈయప్పా ఒగడుగు. జింకలు ఎద్దును చూసి బెదరవు కదా. అట్ల పొద్దంతా నడిచి నడిచి, దగ్గరికి పోయి, ఎద్దు వీపు మింద తుపాకి ఆనించి కొట్టేవాడు. ఎద్దు చెవి గూడా కదిలించేది కాదు, ఏం నేర్పినాడో ఏమో. జింక పడిందంటే బూట్లు ఇప్పి పారేసి కత్తి పట్టుకోని ఉరికేవాడు. పానం పోకముందే బిస్మిల్లా అని గొంతు కోయల్ల, ల్యాకుంటే వాళ్లోళ్లు తినరు. ఒగ తొడ చేనాయప్పకు, రోంత ఇంటికి, తక్కిందంతా హిందూపురం.

హిందూపురంలో షబ్బీర్ అని ఒగడుండె, జింక కూర యాపారం వాడిది. అప్పటికే చట్టం వచ్చింది, జింకను కొడితే జైలు అని. చట్టం వచ్చినంక యాపారం ఇంగా పెరిగె, అది నాకు ఇప్పటికీ అర్థం కాదు. మాంసం వండే మిలిటరీ హోటళ్లోళ్లు అడిగేవాళ్లు, బెంగుళూరునుంచి కార్లల్లో వచ్చి అడిగేవాళ్లు, రాగిసంగటిలోకి అదే కావల్లని. పచ్చి కూర పట్టుగూళ్ల గంపల కింద పెట్టి పంపేవాడు షబ్బీర్. పట్టుగూళ్ల కంపు నీకు తెల్సు కదా, దాని ముందర ఏ వాసనా తెలీదు, చెక్‌పోస్టోడు ముక్కు మూసుకోని పో పో అనేవాడు. ఎక్కువైతే ఉప్పు పసుపు పూసి ఎండబెట్టి ఒట్టితునకలు చేసేవాళ్లు. మేమూ తినినాం, అందరం తినినాం. పోలీసోళ్లు తిన్లేదా? గమ్మునుండు.

ఇంగ హెలికాప్టరు సంగతి. ఎమర్జెన్సీ టయం అది, డెబ్బయ్యారో ఏమో. ముందర ఒగ మంచి వాన పడె, అందరూ శెనక్కాయ ఇత్తిరి. మొలిచినంక ఎర్ర బొంతపురుగు పడె. అబ్బా, దాన్ని నువ్వు చూసిందిల్యా. నేలంతా పాకుతాంటాది, గోడలెక్కుతాది, కూడు కుండలోకొస్తాది. ఆడోళ్లు చాటల్తో ఎత్తి కాల్చేవాళ్లు. గవర్నమెంటోళ్లు ఏం చేసిరంటే, మిందనుంచి మందు కొట్టేదానికి ఒగ కంపెనీ హెలికాప్టరు తెప్పించిరి. దాని పెట్రోలు పీపాయిలు ధర్మవరం దాకా రైల్లో వచ్చె, ఆడనుంచి లారీలో. ఈ కొండ కింద మైదానం ఉండె చూడు, ఆడ దిగేది. ముందర అంతా గాజు, పెద్ద గాజుబుడ్డి మాదిరి, తలుపులు గూడా లేవు. మా పల్లెల్లో గాలిమోటరు అనేవాళ్లం. జనం అన్నం మూటలు కట్టుకోని వచ్చిరి చూసేదానికి. గుడిబండనుంచి గూడా వచ్చిరంటే ఇంగ చూసుకో.

పైలట్ది ఉత్తరదేశం, కెప్టెన్ కెప్టెన్ అనేవాళ్లు, ముందర మిలిటరీలో చేసినాడంట. హిందీ తప్ప రాదు. ఇంగ మన కాలేసాబు ఇంట్లో ఉంటాడా? దినామూ పోతాడు, మీసం మెలేసి, బూట్లకు మెరుపు పెట్టి, కెప్టెన్ ముందర నిలబడి సలాం కొడతాడు. హిందీ మాట్లాడేది ఆయప్పే కదా ఆడ. నీళ్లు తెచ్చిస్తాడు, కోడి కోసి వండిస్తాడు. ఇంటికి పోయి పెండ్లాం ముందర, ‘ఒగసారి ఎక్కల్ల బుడన్‌బీ, ఒగసారి ఎక్కి చచ్చినా ఫరవాలేదు’ అంటాడు. ఆయమ్మ బుడన్‌బీ నోరంటే నోరే. ‘ఎక్కు, ఎక్కు, పడితే నీ మీసం మటుకు ఏరుకోనొస్తా, తక్కింది కుక్కలకు’ అనేది. వీధంతా ఇనపడేది, మేమంతా నగేవాళ్లం.

ఎక్కిచ్చింది షబ్బీరు. వాడు జీపేసుకోని ఒగ పొద్దు వచ్చినాడు చూసేదానికి. చూసినాడు గాలిమోటరు ఎట్ల పోతాదో, మనిషి ఎత్తున పోతాది, నిలబడమంటే గాల్లో నిలబడతాది, ఎనక్కి తిరుగుతాది. వాడి బుర్రలో లైటు ఎలిగె. కెప్టెన్తో మాట్లాడినాడు. నీకు కొమ్ములు, చర్మాలు. నాకు కూర. కాల్చేదానికి మా కాలేసాబున్నాడు, ఎనకాల నా జీపు ఉరికొస్తాది, పడినదాన్ని పడినట్ల జీపులోనుండే మా వాడు కోస్తాడు. కెప్టెన్ నగి, మందు కొట్టేది పొద్దున్నే అయిపోతాది, గాలి లేస్తే ఇంగ పనిల్యా, ఊరికే ఉండేదానికి ఇదీ బాగుంది అన్నాడంట. కాలేసాబును అడిగితే ఆయప్ప ముందూ ఎనకా ఆలోచిస్తాడా? ‘జీపు తర్వాత రానీ, ముందు నన్ను యాడ కూర్చోబెడతారో చెప్పండి’ అన్నాడంట. మచ్చలెద్దును ఇంట్లో కట్టేసి, తలకు కొత్త రుమాలు చుట్టుకోని పాయె.

ఇప్పుడు మా ఇంటి మాట చెప్పల్ల. మా అక్క మారక్క, మా బావ నల్లప్ప. వాళ్ల చేను మా పల్లెకు తూర్పున, బీడు పక్కన. పురుగుకు మందైతే కొట్టిరి గానీ వాన మొగం చాటేసె. శెనక్కాయ ఊడలు దిగే టయానికి నీళ్లు ల్యాకుంటే ఇంగేముండాది, కట్టెలే. బాయి ఎండిపాయె. మా బావ మొండోడు, ‘రోంత దించితే ఊట తగులుతాది’ అని బాయిలోకి దిగినాడు. ఆయప్ప కింద గడ్డపారతో తవ్వి గంపకెత్తుతాడు, నేనూ మా అక్కా మింద మోకు లాగుతాం, లాగిన మట్టి గట్టున పోస్తాం. గట్టునంతా కుప్ప అయిపాయె, నడుమెత్తు. అవతల తట్టునుంచి చూస్తే బాయి ఉండాదని తెలీదు, మట్టి కుప్పే కనపడతాది. గోడ గీడ ఏమీ లేదు, అప్పటి బాయిలకు యాడుండె గోడలు.

పొద్దు నడినెత్తిన ఉండాది. మా అక్క కూడు తెచ్చేదానికి ఇంటికి పోయింది. గాలిమోటరు శబ్దం వచ్చె. దినామూ ఇనేదే కదా, నేను పట్టించుకోలా. మళ్ల చూస్తే బీట్లోనుంచి దుమ్ము లేస్తాండె, దుమ్ము ముందర జింకలు. జింక ఎగిరేది చూసినావా ఎప్పుడన్నా? నేల మింద నడిచే జంతువు మాదిరే ఉండదు. అవన్నీ ఒగ గుంపుగా, కండ్లు బయటికొచ్చి, నోట్లో నురుగు, మా చేన్లోకి. వాటి మింద ఈ గాలిమోటరు, మా ఇంటి కప్పంత ఎత్తులో, రెక్కల గాలికి శెనక్కాయ చెట్లు పండుకుంటాండాయి. తుపాకి పేలిందో లేదో నాకు తెలీదు, ఆ శబ్దంలో ఏమీ ఇనపడదు. ముందర వచ్చిన మగజింక మట్టి కుప్ప మిందికి ఎగిరె. ఎగిరి ఆతలకు దిగల్ల కదా? ఆతల నేల లేదు. అది పోయె లోపలికి. దాని ఎనకాలది, దాని ఎనకాలది. అవి ఆగవబ్బీ, ముందరిది యాడికి పోతే ఆడికే. ‘బావా’ అని అరిస్తి నేను, నా అరుపు నాకే ఇనపడలా.

ఎన్ని పడినాయో లెక్క నాకు తెలీదు. కొన్ని పక్కకు తిరిగి పాయె. గాలిమోటరు ఒగ చుట్టు తిరిగొచ్చి బీట్లో దిగె. దాంట్లోనుంచి కాలేసాబు దూకినాడు, తుపాకి ఆడనే పారేసి ఉరుక్కుంటా వచ్చినాడు. జింకలు నేల్లోకి పోయినట్ల కనపడె అంట ఆయప్పకు. వచ్చి బాయి చూసినాడు, నా మొగం చూసినాడు. ‘లోపల ఎవురన్నా ఉండారా?’ అన్నాడు. నేను తలూపితి. బూట్లు ఇప్పేదానికి గూడా నిలబడలా, మోకు పట్టుకోని జర్రున దిగినాడు. లోపల సగం పానంతో ఉండే జింకలు తన్నుకుంటాండాయి, కొమ్ములతో పొడుస్తాండాయి. వాటిని తప్పించల్ల కదా ముందర. ఒగదానెనక ఒగటి కోసుకుంటా పోయినాడు. కోసేటప్పుడు నోట్లోనుంచి బిస్మిల్లా, బిస్మిల్లా అని వస్తానే ఉండె, అలవాటు కదా, ఏడుస్తా అంటాండె. అడుగున మా బావ. తలకు గంప అడ్డం పెట్టుకోనున్నాడు, దాంతో తల బతికె. నడుము పాయె.

కంబళిలో చుట్టి, మోకు కట్టి, నేను మిందనుంచి, ఆయప్ప కిందనుంచి, ఎట్లో బయటేస్తిమి. మా అక్క కూడు గంప నెత్తిన పెట్టుకోని వస్తాండె చేని గట్టున, గెనెం మింద. ఆయమ్మ మొగం ఇప్పుడు వద్దులే. అప్పటికి షబ్బీరు జీపు వచ్చి నిలబడె. వాడు బాయిలోకి తొంగి చూసి, మా బావను చూసి, మొదట అన్న మాట ఏమి? ‘ఇన్ని ఒగ్గేసి పోతే ఎండకు చెడిపోతాయి కాలేసాబూ’ అని. కాలేసాబు ఒళ్లంతా రక్తం, చేతిలో కత్తి అట్లనే ఉండె. ‘జీపు తిప్పు’ అన్నాడు. ‘ఆస్పత్రిలో అడిగితే ఏం చెప్తావు? నీ లైసెన్సు పాయె, నా యాపారం పాయె, కెప్టెన్ ఉజ్జోగం పాయె.’ ‘షబ్బీరూ, జీపు తిప్పు’ అన్నాడు మళ్ల. గట్టిగా గూడా అన్లేదు. వాడు కత్తి తట్టు చూసి ఎక్కి కూర్చున్నాడు. ఎనక సీట్లల్లో మా బావను పడుకోబెట్టి, తల తొడ మింద పెట్టుకోని కాలేసాబు, కాళ్లు పట్టుకోని మా అక్క. ముందర హిందూపురం, ఆడ కాదంటే అనంతపురం. నేను బాయి కాడ కూర్చుంటి, ఏం చేయల్లో తెలీక. సాయంత్రానికి షబ్బీరు మనుషులొచ్చి జింకల్ని లాక్కోని పాయిరి. నన్నేమీ అడగలా, నేనేమీ అన్లా. అవన్నీ పట్టుగూళ్ల కింద బెంగుళూరికి పోయే ఉంటాయి.

మర్నాడు గాలిమోటరు లేదు. పీపాయిలు గూడా ఎత్తుకపాయిరి. మందు కొట్టేది అయిపోయిందని చెప్పిరి. కాలేసాబు అనంతపురంనుంచి వచ్చినంక తిన్నగా పోలీసు టేషనుకు పోయినాడు, నేనూ ఎంట పోతి. ఆడ ఒగాయప్ప కుర్చీలో కూర్చోని చెవిలో పుల్ల తిప్పుకుంటాండాడు. కాలేసాబు అంతా చెప్పినాడు, గాలిమోటరెక్కితిని, జింకల్ని తరిమితిని, మనిషి నడుము ఇరిగె అని. ఆయప్ప పుల్ల తీసి, ‘ఏం తాగినావు సాయిబూ?’ అన్నాడు. తాగలేదు సామీ అంటే, ‘గాలిమోటరు గవర్నమెంటు పనికి వచ్చింది. దాంట్లో నిన్నెందుకు ఎక్కిచ్చుకుంటారు? బాయి తవ్వేటోడు జారి పడినాడు, వాళ్లూ అట్లనే రాసిచ్చినారు ఆస్పత్రినుంచి. నీ తుపాకి నీకుండాది కదా? ఇంటికి పో’ అన్నాడు. మళ్లొగ దినం గూడా పోయినాడు. ఈసారి లోపలికి రానియ్యలా. గాలిమోటరెక్కల్ల ఎక్కల్ల అని ఊరంతా చాటుకున్న మనిషి, ఎక్కినా అని చెప్తే నమ్మేవాడు లేకపాయె.

మా బావను ఇంటికి తెచ్చిరి. నడుము కింద సత్తవ లేదు, కట్టెలు మాదిరి కాళ్లు. కాలేసాబు మా అక్క గడప ముందరికొచ్చి నిలబడినాడు. మా అక్క చీపురు తీసుకోని, ‘మిందనుంచి చూసుకోని కొట్టినావు కదరా నా మొగుణ్ణి. ఇప్పుడు కిందనుంచి చూసేదానికొచ్చినావా?’ అని దుమ్మెత్తి పోసె. మొగం మింద దుమ్ముతోనే పాయె. మర్నాడు మళ్ల వచ్చె. మళ్ల తిట్టె. ఇట్ల కొన్నాళ్లు జరిగినంక ఒగ పొద్దు బుడన్‌బీ వచ్చింది. వీధంతా ఇనపడే ఆ నోరు, ఆ పొద్దు గొంతు లేయలా. ‘మారక్కా, తిట్టు, కొట్టు, నేనొద్దనను. కానీ ఏదన్నా పని చెప్పు ఆయప్పకు. ఇంట్లో కూడు ముట్టడంలేదు. గోడ తట్టు తిరిగి కూర్చుంటాడు. నాకూ మొగుడు ల్యాకుండా పోతాడు.’ ఆ ఏడు పంట ఎట్లాగూ పాయె. మళ్లేటికి వాన పడినప్పుడు ఇత్తేదానికి మా చేన్లోకి ఎవురూ రాలా, అందరి చేన్లూ ఒగేసారి తడిసె కదా. కాలేసాబు మచ్చలెద్దును కాడికి కట్టినాడు. జింకల దగ్గరికి మేసుకుంటా నడిచే ఎద్దు, దానికి మడక తెలీదు, వంకరటింకరగా పోతాది, నాలుగడుగులేసి నిలబడి మేస్తాది. చూసేవాళ్లు నగిరి. మా అక్క గెనెం మింద నిలబడి చూసి, చూసి, చెంబుతో నీళ్లు ఆడ పెట్టి ఎలబారిపాయె. మాట్లాడలా. ఆయమ్మ ఆయప్పతో మాట్లాడింది శానా ఏండ్లకు గానీ లేదు, నీళ్లు మటుకు పెట్టేది.

ఆ పైన ఆయప్పదే సేద్యం. పొద్దున్నే వచ్చి మా బావను ఎత్తుకోని కొట్టంలో మంచం మింద పడుకోబెట్టేవాడు, కడిగేవాడు, పక్క తిప్పేవాడు. మొదట్లో మా బావ కండ్లు మూసుకోనేవాడు ఆయప్ప చేతులు తగిల్తే. మళ్ల మళ్ల అలవాటైపాయె. తుపాకి మానేసినాడా అంటావా? మాన్లేదబ్బీ. సినిమాల్లో అయితే బాయిలో పారేస్తారు. ఈయప్ప అప్పుడప్పుడు కుందేలో కౌజుపిట్టో కొట్టేవాడు. ఒగసారి మా బావే అడిగె, ‘సాయిబూ, జింక కూర తినల్లనుండాది. నా నడుమిరిచినదాన్ని నేను కొరకల్ల’ అని. కాలేసాబు బిత్తరపోయి నా మొగం చూసె. తెచ్చినాడు, మా అక్కే వండె, ఇద్దరూ నంజుకోని తినిరి. షబ్బీరుతో మటుకు మళ్ల మాట్లాడలా. వాడికేమి, వాడు రాత్రిళ్లు జీపులకు పెద్ద లైట్లు కట్టి కొట్టించినాడు, బెంగుళూరు పిల్లోళ్లు గూడా వచ్చి కొట్టిరి, ఎనభైల్లోకి వచ్చేసరికి బీళ్లల్లో జింకే లేదు. ఇప్పుడు ఆ బీట్లో ప్లాట్లేసినారు, రాళ్లు పాతినారు, నువ్వూ చూసింటావు. మా బావ ఎనభైనాలుగులో పోయె, పుండ్లు పడి. కాలేసాబే గుంత తవ్వినాడు, ఒద్దంటే ఇన్లా. ఆ పైన ఆయప్ప గూడా ఎక్కువ కాలం లేదు. జ్వరం అని పండుకున్నాడు, పాయె. మా అక్క వాళ్లింటికి పోయి బుడన్‌బీ పక్కన పొద్దంతా కూర్చునె.

ఇదంతా ఊర్లో అందరికీ తెల్సిందే. తెలీనిది ఒగటుండాది, నేను తప్ప ఎవురూ ఇన్లా. మా బావ పోయేదానికి ముందేడు. ఎండాకాలం. కొట్టంలో మా బావ పండుకోనున్నాడు, కాలేసాబు కింద కూర్చోని మోకు పేనుతాండాడు, నేను గడ్డిమోపు తెచ్చి దించుకుంటాండా. మా బావ ఉన్నట్టుండి, ‘సాయిబూ, మిందనుంచి చూస్తే ఎట్లుంటాది?’ అన్నాడు. కాలేసాబు చేతులు నిలబడె. ‘ఏముంటాదిలే అన్నా.’ ‘అట్ల గాదు, నువ్వు చూసినావు కదా. నేనింగ ఈ కప్పు తప్ప చూసేది లేదు. చెప్పు.’ కాలేసాబు మోకు తట్టు చూసుకుంటానే మొదలుపెట్టె. ‘లేచేటప్పుడు కడుపులోది గొంతులోకొచ్చె అన్నా. మళ్ల చూస్తే మన పల్లె. ఇంత. అరచేతిలో పట్టేటట్ల. చేన్లన్నీ అతుకులేసిన బొంత మాదిరి, ఒగటి ఎరుపు, ఒగటి పచ్చ. రైలుపట్టా ధర్మవరం తట్టు పోతాండె, పలక మింద గీసినట్ల. కొండ మనం కిందనుంచి చూసినట్ల లేదు, దాని నెత్తిన గూడా నీళ్ల గుంతలుండాయి, ఆకాశం కనపడతాండె వాటిల్లో. మా ఇల్లు చూస్తి. మిద్దె మింద బుడన్‌బీ మిరపకాయలు ఎండబోస్తాండె. తలెత్తి చూసి చేతులు తిప్పె. తిడతాందని తెలుస్తాంది, తిట్టు మటుకు ఇనపడదు.’ మా బావ నగినాడు. ఆయప్ప నగేది నేను చూసి ఏండ్లాయె. ‘మా చేను?’ అన్నాడు. ‘చూస్తి.’ ‘బాయి?’ ‘కనపడలా అన్నా. ఎర్రగా మట్టి కుప్ప కనపడె. పుట్ట అనుకుంటి.’

మా బావ నన్ను చూపిచ్చి, ‘వీడు?’ అన్నాడు. కాలేసాబు అప్పుడు తలెత్తి నా తట్టు చూసినాడు. ‘కనపడె. తలగుడ్డ తీసి ఊపుతాండె. గాలిమోటరును చూసి సంబరంతో ఊపుతాండాడనుకుంటి. నేనూ చెయ్యి ఊపితి.’ నిజమేనబ్బీ. ఊపితి నేను, పక్కకు పో పక్కకు పో అని. ఆ గాజులోనుంచి ఒగ చెయ్యి ఊపింది నాకూ కనపడె, ఎవురిదో అప్పుడు తెలీదు. కాలేసాబు మోకు కింద పెట్టేసె. ‘నగుతాంటి అన్నా నేను. పండ్లన్నీ బయటపెట్టి నగుతాంటి. టేషన్లో అన్నీ చెప్తి, ఇది చెప్పలా. బుడన్‌బీకి గూడా చెప్పలా. నువ్వు కింద ఉండావు, నేను మింద నగుతాంటి. నా బతుకులో అంత బాగ ఎప్పుడూ లేదు.’

ఎద్దు నెమరేస్తాండె. మా బావ కప్పు తట్టు చూసుకుంటా పండుకోనున్నాడు. తిడతాడేమో, పొమ్మంటాడేమో, ఏడుస్తాడేమో అని నేను గడ్డిమోపు పట్టుకోని అట్లనే నిలబడితి. కాలేసాబు లేయబోయె. మా బావ చెయ్యి చాపి ఆయప్ప రెక్క పట్టుకోని కూర్చోబెట్టినాడు. ‘ఇంగోసారి చెప్పు సాయిబూ’ అన్నాడు. ‘లేచిన కాడనుంచి చెప్పు. ఈసారి నిదానంగా.’

చెప్పినాడు. ఆ పొద్దూ, ఆ మర్నాడూ.

ఊ... ఏమంటివి? ఆ మందుబిళ్ల ఇట్లియ్యబ్బీ, అన్నానికి ముందర ఏసుకోవల్లంట అది.